మూర్తిమత్వ సిద్ధాంతాలు: అన్నీ కలిసిపోతున్నాయి, విడదీసుకోవడం ఎలా?

అశోక్‌నగర్_డీఎస్సీ:
అందరికీ నమస్కారం. టెట్‌లో శిశువికాసానికి 30 మార్కులు. మూర్తిమత్వం అధ్యాయానికి వచ్చేసరికి ఫ్రాయిడ్, ఆల్‌పోర్ట్, కాటెల్, ఐసెంక్, రోజర్స్ అందరూ ఒకే ముద్దగా కలిసిపోతున్నారు. పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టడం తప్ప వేరే దారి ఉందా? ఇంకో సందేహం కూడా. ‘ఆడలేక మద్దెల ఓడు’ అనే సామెతని ఒక గైడు ప్రక్షేపణం అంటోంది, మరొకటి హేతుకీకరణం అంటోంది. పరీక్షలో ఏది పెట్టాలి?

తార్నాక_సైకాలజీ:
కలిసిపోవడానికి కారణం ఉందండీ. గైడుల్లో ఇవన్నీ ఒకే ప్రశ్నకు ఇచ్చిన వేర్వేరు జవాబుల్లా వేస్తారు. నిజానికి ఒక్కొక్కరు అడిగిన ప్రశ్నే వేరు. మనిషి లోపల ఏ శక్తులు పెనుగులాడుతున్నాయి అన్నది ఫ్రాయిడ్ ప్రశ్న. ఒక మనిషికీ ఇంకో మనిషికీ తేడా ఎక్కడుంది, దాన్ని ఎన్ని కొలతల్లో చెప్పవచ్చు అన్నది కాటెల్, ఐసెంక్‌ల ప్రశ్న. తనను తాను ఎలా చూసుకుంటున్నాడు అని రోజర్స్ అడిగాడు. ఇతరులను చూసి ఏం నేర్చుకున్నాడు, ఏ పని తనవల్ల అవుతుందని నమ్ముతున్నాడు అన్నది బండూరా ప్రశ్న. ప్రశ్న పట్టుకుంటే పేరు దానంతట అదే వస్తుంది.

ఒక తెలుగు మాట తీసుకుని అందరి దగ్గరికీ తిప్పి చూడండి. నేనైతే ‘మొహమాటం’ తీసుకుంటాను. పెళ్ళి భోజనంలో ఇంకో గరిటె కావాలని ఉన్నా ‘చాలండీ’ అనేవాడు. అప్పు తీసుకున్న స్నేహితుణ్ణి ఏడాదైనా అడగలేనివాడు.

ఫ్రాయిడ్ లెక్కలో వడ్డించుకోమనేది అచిత్తు (ఇడ్), నలుగురూ ఏమనుకుంటారని గదమాయించేది అధ్యహం (సూపర్ ఈగో), మధ్యలో ‘చాలండీ’ అని రాజీ కుదిర్చేది అహం (ఈగో). రోజర్స్ అయితే చిన్నప్పటికి వెళ్తాడు. అడగని పిల్లాడే మంచి పిల్లాడన్న షరతు మీద దొరికిన ప్రేమ అది. తన కోరిక ఒకవైపు, తన గురించి తాను గీసుకున్న బొమ్మ మరోవైపు ఉండిపోయాయి. బండూరా దగ్గర మాట మారుతుంది. ‘లేదు’ అని చెప్పగలనన్న నమ్మకం, అంటే స్వీయ సామర్థ్య భావన, ఆ ఒక్క విషయంలో తక్కువగా ఉంది. ఎవరైనా మర్యాదగా కాదని చెప్పడం చూసి, తానూ చిన్న చిన్న సందర్భాల్లో చెప్పి చూస్తే అది పెరుగుతుంది. మనిషి స్వభావాన్ని ఐదు లక్షణాంశాలతో (స్థిరమైన గుణాలతో) కొలిచేవాళ్ళ దగ్గర మొహమాటం ఒకే అరలో పట్టదు. గట్టిగా అడగలేకపోవడం బహిర్ముఖత కింద, ఎదుటివాళ్ళ మాట కాదనలేకపోవడం ఒద్దిక కింద, నలుగురి చూపు పడితే ముడుచుకుపోవడం ఉద్వేగ అస్థిరత కింద మూడు ముక్కలవుతుంది.

మనస్తత్వవేత్త మిషెల్ దగ్గర అసలు ప్రశ్నే తిరగబడుతుంది. అత్తారింట్లో నోరు విప్పని అల్లుడు స్నేహితుల మధ్య కంచం లాక్కుని తింటాడు. అలాంటప్పుడు ‘అతను మొహమాటస్తుడు’ అనడంలో అర్థమేముంది? ‘ఇక్కడ ఇలా ఉంటే అలా చేస్తాడు’ అన్న జతలే అతని ముద్ర అని మిషెల్, షోడా 1995లో చెప్పింది ఇదే. 1968లో మిషెల్ పుస్తకం వచ్చాకే ఈ వాదం రాజుకుంది. లక్షణాంశపు కొలతకూ ఒక సందర్భంలోని ప్రవర్తనకూ మధ్య సహసంబంధం (రెండూ ఎంత కలిసి మారుతున్నాయన్న కొలత, పూర్తిగా కలిస్తే 1) సాధారణంగా 0.30 దాటడం లేదని అతని విమర్శ. తర్వాత వచ్చిన జవాబు కూడా గట్టిదే. ఒక్క సందర్భం కాకుండా ఇరవై సందర్భాల సగటు తీస్తే లక్షణాంశం స్పష్టంగానే కనిపిస్తుంది.

కోఠి_పాతపుస్తకం:
మద్దెల సంగతి నేను చెప్తా అన్నా. రక్షక తంత్రాలంటే మనసు తనను తాను కాపాడుకునే ఎత్తులు. వాటిల్ల ఏం మారిందో చూడాలె, గంతే.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే కోపం గదే, లక్ష్యం మారింది. అది విస్థాపనం. అందని ద్రాక్ష పుల్లన అంటే కోరిక గదే, కారణం మారింది. అది హేతుకీకరణం. తనకు అసూయ ఉండి ‘ఊరంతా నన్ను చూసి కుళ్ళుకుంటున్నది’ అంటే, గుణం ఎవరిదన్నది మారింది. అది ప్రక్షేపణం.

మద్దెల దగ్గర రెండూ ఉన్నయి, అందుకే గైడులు కొట్టుకుంటున్నయి. ప్రశ్నల ‘తన లోపాన్ని వేరేదాని మీదికి నెట్టుట’ అని ఉంటే ప్రక్షేపణం పెట్టు. ‘ఓటమికి సాకు చెప్పుట’ అని ఉంటే హేతుకీకరణం. ఆప్షన్లల్ల రెండిట్ల ఒకటే ఉంటే ఇగ ఆలోచించే పనే లేదు. ఫ్రాయిడ్ వీటిని అక్కడక్కడ రాసిండు, వరసగా ఒకచోట పేర్చి పుస్తకం చేసింది ఆయన బిడ్డ అన్నా ఫ్రాయిడ్, 1936ల. ఈ బిట్టు యాదికుంచుకో.

మెహదీపట్నం_క్లినికల్:
మద్దెల గురించి ఒక్క మాట. అసలు అర్థంలో ప్రక్షేపణమంటే తనలో ఉందని ఒప్పుకోలేని కోరికను, ద్వేషాన్ని ఇంకో మనిషిలో చూడడం. మద్దెలకు ద్వేషముండదు. కాబట్టి నా ఓటు హేతుకీకరణానికే. కానీ పరీక్షకు మాత్రం పైన చెప్పిన పద్ధతే క్షేమం.

ఇక ‘అహం’. ఈ ఒక్క మాట చేసినంత నష్టం ఇంకేదీ చేయలేదు. మనం ‘వాడికి ఈగో ఎక్కువ’ అంటే గర్వం అని అర్థం. ఫ్రాయిడ్ 1923లో రాసిన అర్థంలో అహం బలంగా ఉండడం ఆరోగ్యం. ఆకలిని కాసేపు ఆపగలిగేది, అధ్యహం మరీ హింసిస్తే సర్దిచెప్పేది, బయటి వాస్తవాన్ని చూసి నడుచుకునేది అదే. ఆ మాటకొస్తే అణకువగా ఉండే మనిషికి బలమైన అహం ఉండవచ్చు, ఎగిరెగిరిపడేవాడికి అది బలహీనంగా ఉండవచ్చు. రెండో తప్పు, అచేతనం అంటే అచిత్తు ఒక్కటే అనుకోవడం. అచిత్తు పూర్తిగా అచేతనమే. అహంలో, అధ్యహంలో కూడా కొంత భాగం అచేతనంలో ఉంటుంది. రక్షక తంత్రాలు నడిపేది అహమే, మనిషికి తెలియకుండా నడుపుతుంది. అహం మొత్తం చేతనమైతే ఇది కుదరదు కదా.

అస్పష్టమైన బొమ్మ చూపి మనసును పట్టే ప్రక్షేపక పరీక్షల్లోనూ ఇంకుమరకల పరీక్షను జాతకం చూసినట్టు చెప్పేవాళ్ళున్నారు. రోషాక్ 1921లో ప్రచురించిన కార్డులు 10. అందులో 5 నలుపు, బూడిద రంగులవి. 2వ, 3వ కార్డుల్లో ఎరుపు కలుస్తుంది. చివరి మూడు పూర్తి రంగులవి. కార్డు చేతికిచ్చి ‘ఇది ఏమై ఉండవచ్చు?’ అని మాత్రమే అడగాలి. పదీ అయ్యాక మళ్ళీ మొదటికి వచ్చి, ఎక్కడ కనిపించింది, ఏం చూసి అలా అనిపించింది అని అడుగుతారు. మొదట ఇచ్చిన జవాబుకు ఈ రెండో విడత వివరణను కలిపి చూసి మార్కులు వేస్తారు. మరకలో ఏ భాగం, ఆ ఆకారం నిజంగా అక్కడ సరిపోతోందా, రంగు చూశాడా, నీడ చూశాడా, కదలిక చూశాడా అన్నవి. ‘రక్తం అన్నాడు కాబట్టి హింసాప్రవృత్తి’ అనేది పరీక్ష కాదు, ఊహ. ఎక్స్‌నర్ పద్ధతిలో మొత్తం జవాబులు 14 కన్నా తగ్గితే ఆ రికార్డును లెక్కలోకే తీసుకోరు.

బొమ్మ చూసి కథ చెప్పే ఇతివృత్త గ్రహణ పరీక్ష మోర్గాన్, ముర్రేలది, 1935. 30 బొమ్మలు, ఒక ఖాళీ కార్డు. ఒక మనిషికి అన్నీ చూపరు. ముర్రే చెప్పింది 20, రెండు రోజుల్లో పదేసి. 30, 31, 20 మూడూ బిట్లుగా వస్తాయి, చూసుకోండి.

అశోక్‌నగర్_డీఎస్సీ:
మేడమ్, అహం విషయం ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది. లక్షణాంశాల దగ్గర మాత్రం అంకెలు తారుమారవుతున్నాయి. 4504 ఎవరిది, 35 ఎవరిది, 16 ఎవరిది?

గజంబద్ద:
అంకెలను విడివిడిగా పట్టుకుంటే తారుమారే అవుతాయి. అదంతా ఒకే జల్లెడ పని, వరస చూడండి.

1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ ఒక పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు తీసుకుని మనిషిని వర్ణించే మాటలన్నీ ఏరారు. 17,953 వచ్చాయి. అందులో తాత్కాలిక స్థితులు, మెచ్చుకోళ్ళు, తిట్లు, శరీర వర్ణనలు తీసేస్తే స్థిరమైన లక్షణాలు 4,504 మిగిలాయి. ఇక్కడిదాకా ఆల్‌పోర్ట్. ఆ 4,504ను కాటెల్ అందుకున్నాడు. ఒకే అర్థమున్నవి కలిపేస్తే 171, మనుషులకు రేటింగులు ఇప్పించి దగ్గరదగ్గరగా నడిచేవాటిని కట్టలు కడితే 35. ఇవి ఉపరితల లక్షణాంశాలు. వాటి అడుగున ఉన్నవాటిని కారక విశ్లేషణతో (కలిసి నడిచేవాటి వెనకున్న కొద్ది కారకాలను లెక్కగట్టే పద్ధతితో) తవ్వుతూ పోగా చివరికి 16 మూల లక్షణాంశాలు నిలిచాయి, 1949లో పదహారు కారకాల ప్రశ్నావళి వచ్చింది. ఇదే కోవలో వేరేవాళ్ళు మళ్ళీ మళ్ళీ లెక్క వేస్తే ఐదే తేలాయి. ట్యూప్స్, క్రిస్టల్ 1961లో ఐదు చూపించారు. ‘బిగ్ ఫైవ్’ అన్న పేరు గోల్డ్‌బర్గ్ పెట్టాడు. ఐసెంక్ నిఘంటువు దారిలో రాలేదు. కారక విశ్లేషణతోనే బహిర్ముఖత, ఉద్వేగ అస్థిరత అని రెండు, తర్వాత సైకోటిసిజం (కఠినత్వం, కట్టుబాట్లు లెక్కచేయకపోవడం) కలిపి మూడు అన్నాడు, వాటికి నాడీ వ్యవస్థలో ఆధారం వెతికాడు.

మరి 16 నిజమా, 5 నిజమా, 3 నిజమా? ఇది హైదరాబాదును సర్కిళ్ళుగా చెప్పాలా, జోన్లుగా చెప్పాలా అన్నంత ప్రశ్నే. నేల ఒకటే. కాటెల్ 16 కారకాలను మళ్ళీ విశ్లేషిస్తే అవీ ఐదుకు దగ్గరగా గుమిగూడతాయి. కాస్టా, మెక్రే 1992 ప్రశ్నావళిలో ఐదింటి కిందా ఆరేసి ఉపలక్షణాలు, మొత్తం 30. ఒక్కోదానికి 8 వాక్యాలు, కలిపితే 240.

తెలుగు పుస్తకాల్లో వాడే పేర్ల దగ్గర జాగ్రత్త. కాన్షియెన్షస్‌నెస్‌ని ‘మనస్సాక్షి’ అని రాసేస్తున్నారు. అది పూర్తిగా తప్పు. అది పని పట్ల శ్రద్ధ, క్రమం, అనుకున్నది పూర్తిచేయడం. దొంగతనానికి నెలరోజులు పకడ్బందీగా పథకం వేసేవాడికి కూడా అందులో మంచి మార్కులే వస్తాయి. ఓపెన్‌నెస్ అంటే దాపరికం లేకపోవడం కాదు, కొత్త ఆలోచనలు, కళలు, ఊహల మీద మక్కువ. అగ్రియబుల్‌నెస్‌కి ‘కలుపుగోలుతనం’ అని పెడితే బహిర్ముఖతతో కలిసిపోతుంది. ‘ఒద్దిక’ మేలు.

గచ్చిబౌలి_హెచ్ఆర్:
మా దగ్గర కొత్త టీములు వేసేటప్పుడు నాలుగక్షరాల రకాల పరీక్ష (ఎంబీటీఐ) పెడుతున్నారు, యుంగ్ సిద్ధాంతం అంటున్నారు. దాన్నిబట్టి ఎవరిని తీసుకోవాలో కూడా తేల్చాలనుకుంటున్నారు. ఇది సరైనదేనా?

గజంబద్ద:
తీసుకోవడానికి వద్దు. ఆ పరీక్ష హక్కులున్నవాళ్ళే నియామకాలకు వాడొద్దని చెబుతారు. యుంగ్ 1921 పుస్తకం ఆధారంగా కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ తయారుచేసినది అది.

లోపం ఎక్కడంటే, మనుషులు రెండు గుంపులుగా చీలి ఉండరు. అంతర్ముఖత, బహిర్ముఖత మార్కులు గ్రాఫు వేస్తే రెండు గుట్టలు రావు, మధ్యలో ఒకటే గుట్ట వస్తుంది. ఎక్కువమంది ఉండేది ఆ మధ్యనే. పరీక్ష అక్కడే గీత గీసి, గీతకు అటు ఒక్క మార్కున్నవాడిని ‘ఈ’ (బహిర్ముఖుడు) అనీ, ఇటు ఒక్క మార్కున్నవాడిని ‘ఐ’ (అంతర్ముఖుడు) అనీ వేరుచేస్తుంది. నెల తర్వాత మళ్ళీ రాస్తే రెండు మార్కుల తేడాతో అక్షరమే మారిపోతుంది. అక్షరం తీసేసి మార్కును మార్కుగా చూస్తే అంత అన్యాయమైన పరీక్షేం కాదు, నాలుగు కొలతలూ బిగ్ ఫైవ్‌లో నాలుగింటితో బాగానే కలుస్తాయి. పోయింది ఉద్వేగ అస్థిరత. ఒత్తిడిలో ఎలా ఉంటాడన్నది మీ టీముకు బాగా కావాల్సిన సంగతి, అదే అందులో లేదు.

తార్నాక_సైకాలజీ:
‘నా గురించి అచ్చంగా చెప్పింది’ అన్న మాటను కూడా నమ్మకండి. ఫోరర్ 1949లో ప్రచురించిన ప్రయోగం చూడండి. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్ళకే అంటూ అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. వాక్యాలు ఎక్కువగా జ్యోతిష్యం పుస్తకంలోనివి. ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. మీ ఆఫీసులో ఏ రిపోర్టునైనా పరీక్షించాలంటే పేర్లు తీసేసి నాలుగు రిపోర్టులు కలిపేయండి. తనది ఏదో ఎవరికి వారు గుర్తుపట్టగలరా చూడండి.

ఎంఏ_ప్రాజెక్ట్:
నమస్తే సార్. ఎంఏ డిసర్టేషన్ కోసం బిగ్ ఫైవ్ కొలిచే 20 వాక్యాల ప్రశ్నావళి మినీ ఐపిప్‌ని తెలుగులోకి తెస్తున్నాను. ఉచితంగా వాడుకోవచ్చనే ఇది తీసుకున్నాను. 30 మందితో చూస్తే ఆల్ఫా (ఒకే లక్షణాన్ని కొలిచే వాక్యాలు ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) కొన్నింటికి 0.40 కూడా దాటడం లేదు, ఒకదానికి మైనస్ వచ్చింది. ఎక్కడ పోయింది?

గజంబద్ద:
మైనస్ వచ్చిందంటే తిరగేసి లెక్కించాల్సిన, అంటే లక్షణానికి ఎదురు అర్థమున్న వాక్యాలు తిరగేయలేదు. ముందు అది చూడండి. 1 నుంచి 5 స్కేలు మీద 6లోంచి వచ్చిన మార్కు తీసేయాలి, 2 వేసినవాడిది 4 అవుతుంది. ఆ ప్రశ్నావళిలో సగానికి పైగా వాక్యాలు తిరగేయాల్సినవే, ఏవో మూలంలోని పట్టికలో ఉన్నాయి. ఇంకోటి, ఒక్కో లక్షణానికి నాలుగే వాక్యాలు. నాలుగింటితో 0.90 ఆశించకండి, 0.65, 0.70 వస్తే మంచిదే. 30 మంది వాక్యం అర్థమవుతోందో లేదో చూడడానికి సరిపోతారు, ఆల్ఫాకి చాలరు. 200 మందైనా కావాలి.

అది సరిచేశాక కూడా తక్కువుంటే తప్పు అనువాదంలోనే. మూడుచోట్ల తప్పకుండా తగులుతుంది.

మొదటిది ‘లైఫ్ ఆఫ్ ద పార్టీ’. ‘పార్టీకి ప్రాణం’ అని రాస్తే ఒకరు రాజకీయ పార్టీ అనుకుంటారు, ఇంకొకరు మందు పార్టీ అనుకుని సిగ్గుతో 1 వేస్తారు. ‘నేనుంటే నలుగురిలో సందడిగా ఉంటుంది’ అనండి.

రెండోది లేదు, కాదు అనే వాక్యాలు. ‘నేను ఎక్కువగా మాట్లాడను’ అన్న వాక్యానికి ‘ఏకీభవించను’ అన్న గడి పెడితే, మాట్లాడేవాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి? మాట్లాడను, ఏకీభవించను. ఇక్కడ ప్రతి పదిమందిలో కొందరు తిరగబడతారు. వాక్యంలోనే కాదనడం తీసేయండి, ‘నేను తక్కువ మాట్లాడతాను’ చాలు. గడులకు ‘ఏకీభవిస్తాను’ బదులు ‘నాకు అస్సలు వర్తించదు’ నుంచి ‘నాకు పూర్తిగా వర్తిస్తుంది’ దాకా పెట్టండి.

మూడోది ఇంటి పనులు వెంటనే చేయడం. ఇంగ్లిష్‌లో అది శ్రద్ధను కొలుస్తుంది. మన ఇళ్ళల్లో అది ఇంటి పని ఎవరి మీద పడిందో కొలుస్తుంది. ఆఫీసు ఫైలు ఒక్కరోజు ఆలస్యం చేయని మగవాడు దానికి 1 వేస్తాడు. ‘చేయాల్సిన పనిని వాయిదా వేయకుండా ముగిస్తాను’ అంటే ఇద్దరినీ ఒకే గజంతో కొలిచినట్టు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, ముగ్గురు కూర్చుని ఒకటి ఖాయం చేయాలి, మూలం చూడని మనిషి దాన్ని తిరిగి ఇంగ్లిష్ చేయాలి. ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. ‘పార్టీకి ప్రాణం’ కూడా తిరిగి చేస్తే చక్కగా మూలమే వస్తుంది! అందుకే ఐదుగురినో పదిమందినో కూర్చోబెట్టి, ఒక్కో వాక్యం చదివించి, ‘మీకేం అర్థమైంది, ఏ సందర్భం గుర్తొచ్చింది’ అని అడగాలి. తప్పులు దొరికేది ఇక్కడే. ఆ తర్వాతే 200 మంది, వాళ్ళలో 40, 50 మందితో రెండుమూడు వారాలకు మళ్ళీ.

కోఠి_పాతపుస్తకం:
‘ఆందోళన’ అన్న మాట కూడ చూసుకో తల్లీ. ‘ఆందోళన చేస్తాను’ అని రాస్తే ధర్నా చౌక్‌ల కూసున్నట్టే అర్థమైతది. ‘ఆందోళన పడతాను’ అనాలె. ఇగ ఈడి ముసలోళ్ళకు ‘రంది పెట్టుకుంటా’ అంటే ఎంటనే తెలుస్తది, కాకినాడోళ్ళకు తెల్వది. ‘పరేషాన్’ గూడ అంతే, పాతబస్తీల చిన్నపిల్లలకు గూడ ఎరుకే. జనం యాడనుంచి తీసుకుంటున్నవో ముందు తేల్చుకో.

గజంబద్ద:
సరిగ్గా చెప్పారు. రెండు ప్రాంతాలవాళ్ళూ ఉంటే ‘చిన్న విషయానికీ మనసు కలత పడుతుంది’ లాంటి అందరి వాక్యం వాడండి. రంది వెర్షన్ వేరే, కలత వెర్షన్ వేరే పెడితే రెండు ప్రాంతాలను పోల్చలేరు.

అశోక్‌నగర్_డీఎస్సీ:
చివరి ప్రశ్న. గీతలో సత్వ రజస్తమో గుణాలు, షెల్డన్ శరీర రకాలు, రెండూ మూడేసి కదా. రెండూ రూపక సిద్ధాంతాలేనా (మనుషులను రకాలుగా విడదీసేవేనా)?

తార్నాక_సైకాలజీ:
షెల్డన్‌వి శరీర నిర్మాణానివి. స్థూలకాయం, కండబలం, సన్నకాయం. ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా అంకె ఇచ్చాడు, కాబట్టి అతనూ గట్టి గీతలు గీయలేదు. శరీరాన్ని బట్టి స్వభావం అన్న అతని వాదం తర్వాతి పరిశోధనలో నిలబడలేదు, పరీక్షల్లో మాత్రం నిలబడింది. క్రెష్మర్ 1921లో చెప్పిన శరీర రకాలతో కలపకండి. గుణాలు మాత్రం రకాలు కావు. 14వ అధ్యాయంలో ఒకే మనిషిలో మూడూ ఉంటాయనీ, ఒకటి మిగతా రెండింటినీ అణచి పైకి వస్తుందనీ ఉంది. మోతాదుల లెక్క అది. ‘అతను తామసికుడు’ అనడం కన్నా ‘ఇప్పుడు తమస్సు పైన ఉంది’ అనడమే శ్లోకానికి దగ్గర.

రోజర్స్‌ని కూడా కాస్త చూడండి, అందరూ రెండు బిట్లతో వదిలేస్తారు. 100 కార్డుల మీద వాక్యాలు, వాటిని ‘నాలా ఉంది’ నుంచి ‘నాలా లేదు’ దాకా తొమ్మిది గుట్టలుగా పేర్చాలి. మళ్ళీ అవే కార్డులు ‘నేను ఎలా ఉండాలనుకుంటున్నానో’ అలా పేర్చాలి. రెండింటి మధ్య సహసంబంధమే అనుగుణ్యతకు కొలత. బట్లర్, హేగ్ 1954లో ప్రచురించిన దాంట్లో చికిత్సకు ముందు సగటు -0.01, తర్వాత 0.34. ‘స్వీయభావన’ అనే ఆవిరిలాంటి మాటను అంకెలోకి దించిన పద్ధతి ఇది.

ఎంఏ_ప్రాజెక్ట్:
ధన్యవాదాలు సార్. తిరగేశాక మైనస్ పోయింది, ఇప్పుడు 0.61. రెండు వాక్యాలు మార్చాను, చూసి చెప్పండి. ‘నేనుంటే నలుగురిలో సందడిగా, సరదాగా ఉంటుంది.’ ‘నా వస్తువులు ఎక్కడివి అక్కడ పెట్టను.’

గజంబద్ద:
మొదటిదాంట్లో రెండు విషయాలు కలిపారు. సందడి చేస్తూ సరదా చేయనివాడు ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలియక 3 వేస్తాడు. సందడి ఉంచి సరదా తీసేయండి. రెండోదాంట్లో ‘పెట్టను’ మళ్ళీ వచ్చింది. ‘నా వస్తువులు చిందరవందరగా పడి ఉంటాయి’ అనండి, తిరగేసే పట్టికలో ఆ వాక్యం నంబరు రాసుకోవడం మర్చిపోకండి.